నలభై కెపాసిటర్లు అతికించినా బోర్డు గోల ఆపలేదు

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. చర్లపల్లి వైపు ఇరవై మంది పనిచేసే ఒక చిన్న కంపెనీలో ఆమె హార్డ్‌వేర్ ఇంజనీరు, వయసు 29. వ్యవసాయ బోరు మోటార్లను సెల్‌ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ డబ్బాకు లోపలి బోర్డు గీసింది ఆమే. సొంతంగా మొదటినుంచి చివరిదాకా చేసిన మొదటి బోర్డు అదే.

బోర్డు 120 బై 80 మిల్లీమీటర్లు, నాలుగు లేయర్లు. పైన సిగ్నల్, రెండోది గ్రౌండ్, మూడోది పవర్, అడుగున మళ్లీ సిగ్నల్. సీనియర్ ఇంజనీరు చెప్పినట్టే గ్రౌండ్‌ను డిజిటల్, అనలాగ్ అని రెండు ముక్కలు చేసి, మధ్యలో రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, ఒక మూల మాత్రం కలిపారు. మూడు ఫేజుల కరెంటు కొలిచే సీటీల (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ల) నుంచి ఒకటిన్నర మీటరు తీగలు అనలాగ్ వైపుకు వస్తాయి. ఆ కొలతను అంకెలుగా మార్చే చిప్పు, ఏడీసీ, కూడా అటే ఉంది. దానికి కావలసిన 8 మెగాహెర్ట్జ్ క్లాక్ (లయ అందించే సిగ్నల్) మాత్రం ఇటువైపున్న మైక్రోకంట్రోలర్, అంటే బోర్డుకు మెదడులాంటి చిప్పు నుంచి వెళ్తుంది.

బోర్డు గాలిలోకి ఎంత రేడియో గోల వదులుతుందో కొలిచే రేడియేషన్ పరీక్షకు ల్యాబులో పెడితే అది ఫెయిలైంది. 88, 104, 120, 136 మెగాహెర్ట్జ్ దగ్గర ముళ్లలా పైకి లేచాయి. 104 దగ్గర పరిమితి 40 డీబీ అయితే ఈమెది 49. "క్రిస్టల్ 16 మెగాహెర్ట్జ్ కదా, ముళ్ల మధ్య ఎడం కూడా 16. క్రిస్టలే దొంగ" అని సీనియర్ తేల్చారు. క్రిస్టల్ మార్చారు, దాని డబ్బాను గ్రౌండ్‌కు అతికించారు, ఏమీ మారలేదు. ఈమె రెండు రాత్రులు కూర్చుని పవర్ పిన్నుల చుట్టూ 100 నానోఫారడ్ కెపాసిటర్లు నలభై చేత్తో అతికించారు. తగ్గింది ఒక్క డీబీ. ఇది చాలదన్నట్టు, రైతుల దగ్గర పెట్టిన ముప్పై డబ్బాల్లో కొన్ని మోటారు ఆగినప్పుడు రీసెట్ అవుతున్నాయి, మరికొన్ని మెసేజ్ పంపబోయి రీసెట్ అవుతున్నాయి.

స్టోరులో 800 బోర్డులు పార్టులతో సహా తయారుగా ఉన్నాయి. ఓనరు మాట: "ఒక్క పీసుకు రాగి రేకు చుట్టి, తీగకు గోల ఆపే ఫెరైట్ ఉంగరం వేసి పాస్ చేయించండి. మిగతావి ఉన్నవి ఉన్నట్టు పంపిద్దాం." సీనియర్ మాట: "లేఅవుట్‌లో తప్పు లేదు, నీ సోల్డరింగ్ చూసుకో." ఆయన దగ్గరే ఈమె పని నేర్చుకున్నారు. "ఎదురు చెప్పలేను, ఊరుకోలేను. బోర్డు మళ్లీ గీయాలా, ఉద్యోగం మానేయాలా?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది చివర జతచేసిన ల్యాబు గ్రాఫు. మీరూ మీ సారూ దాన్ని ఫెయిల్ అయినట్టు రుజువుగా చూశారు. అది అడ్రసు రాసి ఉన్న కవరు.

ముళ్ల మధ్య ఎడం 16 అన్నది నిజమే. కానీ 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ హార్మోనిక్స్, అంటే దానికి పూర్ణ సంఖ్యల రెట్లలో పుట్టే తరంగాలు, ఎక్కడ రావాలి? 80, 96, 112, 128. మీకు వచ్చినవి 88, 104, 120, 136. 104ను 16తో భాగించి చూడండి, ఆరున్నర వస్తుంది. ఆరున్నరో హార్మోనిక్ అంటూ ఏదీ ఉండదు. అదే 104ను 8తో భాగిస్తే 13. 88 అయితే 11, 120 అయితే 15, 136 అయితే 17. అన్నీ బేసి సంఖ్యలే. సగం కాలం పైన, సగం కాలం కింద ఉండే చతురస్రపు క్లాక్‌లో సరి హార్మోనిక్స్ దాదాపు కొట్టుకుపోయి బేసివే మిగులుతాయి. కాబట్టి 8 మెగాహెర్ట్జ్ క్లాక్ వల్ల ముళ్లు 16 ఎడంతో కనబడతాయి. క్రిస్టల్ పాపం ఏ పాపమూ ఎరగదు. మీ బోర్డు మీద 8 మెగాహెర్ట్జ్‌తో ఆగకుండా కొట్టుకునేది ఏడీసీకి వెళ్లే ఆ ఒక్క క్లాక్ గీతే, అది గ్రౌండ్ ఖాళీ మీదుగా దూకి వెళ్తోంది.

క్లాక్ గీత మీద వెళ్లిన కరెంటు తిరిగి రావాలి. ఇది స్కూల్లోనే చదువుకున్నాం, బోర్డు గీసేటప్పుడు మాత్రం వెళ్లే దారి ఒక్కటే గీస్తాం, వచ్చే దారిని గ్రౌండ్ అనే మాటకు వదిలేస్తాం. నిలకడ కరెంటు అయితే నిరోధం తక్కువున్న చోట్ల విస్తరించి వస్తుంది. మెగాహెర్ట్జ్‌లకు వెళ్లాక అలా కాదు, గీతకు సరిగ్గా కింద, నీడలాగా, ప్లేన్ (లేయరంతా పరిచిన రాగి) మీద అతుక్కుని తిరిగి వస్తుంది. ఆ నీడకు మీరు రెండు మిల్లీమీటర్ల గండి కొట్టారు. గీత గండి దాటింది, నీడ దాటలేకపోయింది. అది అంచు వెంబడి మీరు కలిపిన ఆ మూలదాకా నడిచి, చుట్టు తిరిగి వచ్చింది. రెండు మిల్లీమీటర్లు దాటడానికి బారెడు చుట్టు! ఆ చుట్టే పెద్ద లూపు.

లూపు ఒక్కటే అయితే ఇంకా నయం. గండికి ఈవల గ్రౌండుకూ ఆవల గ్రౌండుకూ మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా పుడుతుంది. ఆవల గ్రౌండుకు ఏం తగిలించారు? ఒకటిన్నర మీటరు సీటీ తీగలు. గాలిలో 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు మూడు మీటర్లు, అందులో సగం ఒకటిన్నర. మీకు తెలియకుండానే బోర్డుకు చక్కటి ఏంటెనా కట్టి, దానికి 13వ హార్మోనిక్‌ను తినిపిస్తున్నారు. ఇందుకు పెద్ద కరెంటేమీ అక్కర్లేదు. మీటరు తీగలో అన్ని పోగులూ కలిసి ఒకే దిక్కుకు ప్రవహించే కరెంటు 50 మెగాహెర్ట్జ్ దగ్గర 5 మైక్రోఆంపియర్లు ఉంటే చాలు, మూడు మీటర్ల దూరంలో 40 డీబీ గీత తాకుతుంది. డీబీ అంటే భయంగా ఉంటుంది కానీ ఆ 40 డీబీ అసలు విలువ మీటరుకు 100 మైక్రోవోల్టులు. మీ 49 డీబీ అంటే సుమారు 280. మూడు రెట్లలోపు తగ్గిస్తే మీరు బయటపడతారు. కొండేమీ కాదు.

ఇక మీ నలభై కెపాసిటర్ల సంగతి. రెండు రాత్రుల కష్టం, నాకూ బాధగానే ఉంది. 100 నానోఫారడ్ కెపాసిటర్ ఎప్పటికీ కెపాసిటరే అనుకుంటాం. దాని కాళ్లు, ప్యాడ్లు, ప్లేన్‌దాకా దిగే వయాలు (లేయర్లను కలిపే చిల్లులు), అన్నీ కలిపి ఒకటిన్నర నానోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) అనుకుందాం. సుమారు 13 మెగాహెర్ట్జ్ దగ్గర అది కెపాసిటర్‌గా రిటైరై ఇండక్టర్‌గా ఉద్యోగం మొదలుపెడుతుంది. 104 దగ్గర దాని ఇంపీడెన్స్ సుమారు ఒక ఓమ్, అదీ ఇండక్టర్‌గా. మీరు చేత్తో అతికించినవాటికి ఇంకాస్త పొడుగు కాళ్లే ఉంటాయి. తీగైనా గీతైనా మిల్లీమీటరుకు ఇంచుమించు ఒక నానోహెన్రీ అని గుర్తుపెట్టుకోండి. పది మిల్లీమీటర్ల గీతలో ఒక నానోసెకనులో 100 మిల్లీఆంపియర్లు మారితే దాని రెండు కొసల మధ్య ఒక వోల్టు! 3.3 వోల్టుల బోర్డులో ఒక వోల్టు అంటే మాటలా?

అయినా అసలు సంగతి అది కాదు. ఆ కెపాసిటర్లు పవర్ పిన్ను దగ్గరి గోల తగ్గించేవి. మీ జబ్బు పవర్ పిన్ను దగ్గర లేదు, గ్రౌండ్ గండి దగ్గర ఉంది. కాలికి దెబ్బ తగిలితే తలకు కట్టు కట్టారు. ఆ ఒక్క డీబీ కూడా బహుశా ల్యాబులో తీగ కాస్త పక్కకు జరగడం వల్ల వచ్చి ఉంటుంది.

ఇదంతా నమ్మాలని నేను అనను. చూసుకోండి. ఒక సన్నని కోయాక్స్ తీగ ముక్క తీసుకుని, చివర లోపలి తీగను వేలి గోరంత చుట్టు చుట్టి, పైనున్న లోహపు అల్లికకు అతికించి, పైన టేపు వేయండి. అది ప్రోబ్. రెండో కొస చేతిలో పట్టే చిన్న స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కు. బోర్డును బెంచ్ సప్లై మీద నడపండి, త్రీ ఫేజ్ జోలికి పోవద్దు. చూడవలసింది 104 కాదు. 88 నుంచి 108 దాకా ఊళ్లోని ఎఫ్ఎం స్టేషన్లన్నీ తెర మీదకొచ్చి కూర్చుంటాయి, మీ ముల్లేదో వాళ్ల పాటేదో తెలియదు. 120, 136 చూడండి, అక్కడ కాస్త నిశ్శబ్దం. ముందు సీటీ తీగలు పీకి చూడండి. తర్వాత తీగలు పెట్టి, ఫర్మ్‌వేర్‌లో (చిప్పులోని ప్రోగ్రాములో) ఆ క్లాక్ ఆపి చూడండి. ఆ తర్వాత క్లాక్ నడుపుతూ, గీత గండి దాటే చోట రెండువైపులా గ్రీన్ మాస్కు (బోర్డు మీది ఆకుపచ్చ పూత) గీకి, గీత మీద కరెంటు తగలనివ్వని కాప్టన్ టేపు వేసి, పైనుంచి సెంటీమీటరు వెడల్పు రాగి రేకుతో రెండు గ్రౌండ్లనూ కలిపి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, ప్రతిసారీ అంకె రాసుకోండి. రెండు ఒకేసారి మార్చినవాడికి ఏది పనిచేసిందో దేవుడికే తెలుస్తుంది. ప్రోబు చెప్పేది అసలు ఫీల్డు విలువ కాదు, ముందుకూ తర్వాతకూ తేడా మాత్రమే. మీకు కావలసిందీ ఆ తేడానే.

(ఎనలైజర్ లేని రోజుల్లో మేం జేబు రేడియో వాడేవాళ్లం. స్టేషను లేని చోట రేడియో డయల్ ముల్లు పెట్టి బోర్డు దగ్గరకు తెస్తే, హిస్సుమనే చప్పుడు ఒక్కసారి గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. అక్కడ మన బోర్డు ప్రసారం చేస్తోందన్నమాట.)

రైతుల దగ్గరి రీసెట్లలో రెండు రకాలున్నాయి, మీరు ఒకే గాటన కట్టేశారు. మోటారు ఆగినప్పటి రీసెట్‌కు కారణం చాలావరకు ఆ గండే. బాగా ప్రసారం చేసే తీగ బాగా వింటుంది కూడా. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపి విడదీసే పెద్ద స్విచ్చు) విడిచినప్పుడు దాని కాయిల్‌లో దాగిన శక్తి చిమ్ముకొస్తుంది, అది సీటీ తీగల్లోంచి అనలాగ్ గ్రౌండుకు వచ్చి, గండి దాటలేక మీ క్లాక్ గీతనూ పక్క గీతలనూ పట్టుకుని ఇటు దూకుతుంది. కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్‌2 (మెయిన్స్ కరెంటుకు తగిన) కెపాసిటర్ సిరీస్‌లో కలిపిన స్నబ్బర్, అంటే ఆ చిమ్మును మింగే జత, ఉందా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. లేకపోతే ముందు అది పెట్టండి.

మెసేజ్ పంపేటప్పటి రీసెట్ వేరు, అది నిజంగా పవర్ ప్లేన్ జబ్బు. 2జీ మోడెమ్ మాట్లాడేటప్పుడు ప్రతి 4.6 మిల్లీసెకన్లకోసారి 577 మైక్రోసెకన్లపాటు రెండు ఆంపియర్ల దాకా గుంజుతుంది. సెకనుకు 217 సార్లు. ఒకప్పుడు ఫోను రాబోయే ముందు స్పీకర్లు టిక్‌టిక్‌టిక్‌మనేవి గుర్తుందా, అదే. మీ బక్ కన్వర్టర్ (వోల్టేజి దించి బోర్డుకు ఇచ్చే భాగం) తేరుకుని కరెంటు పెంచడానికి 50 మైక్రోసెకన్లు పడుతుందనుకుంటే, ఆ లోపు రెండు ఆంపియర్లూ కెపాసిటర్లే ఇవ్వాలి. వోల్టేజి 0.2 కన్నా పడకూడదంటే 500 మైక్రోఫారడ్లు ఉండాలి. మీరు పెట్టింది 10 మైక్రోఫారడ్ సిరామిక్‌లు నాలుగు. కాగితం మీద 40. ఈ సిరామిక్‌లకు ఒక దుర్గుణం ఉంది, వోల్టేజి పెట్టగానే కుంచించుకుపోతాయి. చిన్న సైజువైతే నాలుగు వోల్టుల దగ్గర సగం కూడా మిగలకపోవచ్చు. కాబట్టి మోడెమ్ పిన్నుల పక్కనే 470 లేదా 1000 మైక్రోఫారడ్ తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి పడాలి. చోటు లేకపోతే పడుకోబెట్టి అతికించండి, జిగురు మాత్రం వేయండి. డబ్బా ఆటో ట్రాలీలో ఊరికి వెళ్తుంది.

ఇంకో మాట. మోడెమ్ సప్లై మీద ఫెరైట్ బీడ్ (గోలను అడ్డుకునే చిన్న పార్టు) పెట్టారని రాశారు. రెండు ఆంపియర్లకు దాని 0.1 ఓమ్ నిరోధమే 0.2 వోల్టులు మింగేస్తుంది, పైగా అంత కరెంటు పోతుంటే బీడ్‌లోని ఫెరైట్ సంతృప్తమై అసలు పని మానేస్తుంది. అక్కడ బీడ్ వద్దు. తీసేసి జీరో ఓమ్ (నిరోధం లేని అతుకు) వేయండి.

మీ లేయర్ల అమరిక గురించి కూడా కాస్త. పవర్, గ్రౌండ్ ప్లేన్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రెండూ కలిసి పెద్ద కెపాసిటర్‌లా పనిచేస్తాయని మీరు నమ్మారు. మామూలు 1.6 మిల్లీమీటర్ల నాలుగు లేయర్ల బోర్డులో ఆ రెంటి మధ్య కోర్ మందం ఒక మిల్లీమీటరు పైమాటే. 1.1 అనుకుని లెక్క కడితే మీ బోర్డు మొత్తానికీ వచ్చేది సుమారు 330 పికోఫారడ్లు, రూపాయి ఖరీదు చేయని కెపాసిటర్ ఇంకా ఎక్కువిస్తుంది. అదే ఎడం 0.1 మిల్లీమీటరైతే మూడున్నర నానోఫారడ్ల పైన. పైగా మూడో లేయర్‌ను 4 వోల్టులు, 3.3 వోల్టులు అని ముక్కలు చేశారు. అడుగు లేయర్ గీతలకు నీడ పడేది ఆ ముక్కల మీదే. గ్రౌండ్‌లో ఒక గండి అనుకుంటే, పవర్‌లో మరొకటి ఉంది.

ఇప్పుడు మీ సార్ సంగతి. అనలాగ్, డిజిటల్ గ్రౌండ్లు విడదీయమన్నది ఆయన సొంత బుర్రలోంచి పుట్టిన మాట కాదు. నేనూ ఏళ్ల తరబడి అలాగే గీశాను. ఏడీసీ చిప్పు మీద అనలాగ్ గ్రౌండ్, డిజిటల్ గ్రౌండ్ అని రెండు పిన్నులుంటాయి, అవి చూసి బోర్డు మీద కూడా రెండు రాజ్యాలు ఉండాలనుకున్నాం. ఆ పేర్లు చిప్పు లోపల అవి ఎక్కడికి వెళ్తాయో చెప్పేవి, బయట వేరుగా ఉంచమని కాదు. నేను పనిచేసిన ఒక చోట అలాంటి బోర్డు మూడుసార్లు ఫెయిలైంది. మూడుసార్లూ గండిని ఇంకా వెడల్పు చేశాం! ఒక టెక్నీషియన్ కుర్రాడు పొరపాటున గండి మీద సోల్డర్ చుక్క పడేస్తే పాసైంది. వాణ్ణి తిట్టి, చుక్క తీయించి, మళ్లీ ఫెయిల్ చేసుకున్నాం. ఆ తర్వాత వారం పట్టింది మాకు బుద్ధి రావడానికి.

అందుకే చెబుతున్నా, ఆయనతో వాదనకు దిగకండి. "సార్, ఒక్క పది నిమిషాలు, ఈ ప్రోబు మీరు పట్టుకోండి, రేకు నేను పెడతాను" అనండి. తెర మీద ముల్లు ఆయన చేతిలోనే కుంగితే, ఒప్పుకోవడానికి ఆయనకు మీ మాట అక్కర్లేదు. అందరి ముందు చేయకండి, లంచ్ టైములో చేయండి. ఆయన ససేమిరా అంటే అంకెలు కాగితం మీద పెట్టి, ఆయనకు ముందు చెప్పి, ఆ తర్వాత ఓనరు దగ్గరకు వెళ్లవచ్చు. ఆయన్ని దాటి నేరుగా వెళ్తే పని త్వరగా అవుతుంది, కానీ రేపటినుంచి ఆ గదిలో మీరిద్దరే కూర్చోవాలి. ఆయన చెప్పే ఒక భయంలో నిజం కూడా ఉంది: గ్రౌండ్లు కలిపితే కరెంటు కొలతలో గోల పెరగదా? రాగి ప్లేన్ నిరోధం ఒక చదరానికి అర మిల్లీఓమ్. రిలే, మోడెమ్ కరెంట్లు ఏడీసీ కిందుగా పోతే ఆ కాస్తా కొలతలో కనబడుతుంది. అవి ఒక పక్క, ఏడీసీ మరో పక్క ఉంటే గండి లేకుండానే ఎవరి దారిన వాళ్లు పోతారు. మీ బోర్డులో అమరిక ఇప్పటికే అలా ఉంది, అది ఆయన నేర్పిందే. రేకు పెట్టకముందు, పెట్టాక ఏడీసీ రీడింగులు రెండు వందల చొప్పున తీసి ఆయనకు చూపించండి.

స్టోరులోని 800 బోర్డులను ఏం చేయాలి? మీ ముందు నాలుగు దారులున్నాయి.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు, కాబట్టి ముందు ఫర్మ్‌వేర్. ఆ క్లాక్ పిన్నుకు జీపీఐఓ స్పీడు (పిన్ను ఎంత వేగంగా పైకీ కిందికీ మారాలో చెప్పే సెట్టింగు) ఎంత పెట్టారు? చాలామంది అలవాటుగా అన్నిటికన్నా ఎక్కువది పెట్టేస్తారు. 8 మెగాహెర్ట్జ్ క్లాక్‌కు ఒక నానోసెకనులో లేచే అంచు దేనికి? అంచు ఒక నానోసెకను అయితే అందులో 350 మెగాహెర్ట్జ్ దాకా సరుకు ఉంటుంది. స్పీడు ఒక మెట్టు దించండి, ఏడీసీ డేటాషీట్‌లో క్లాక్ అంచుకు పెట్టిన గడువు లోపలే ఉందో లేదో స్కోపుతో చూడండి. స్కోపు ప్రోబుకున్న మొసలి క్లిప్పు తీగ తీసేసి, కొసకు పెట్టే చిన్న స్ప్రింగ్ వాడండి, లేకపోతే ఆ క్లిప్పు తీగే లేనిపోని గోల చూపిస్తుంది. దీనికి ఖర్చు లేదు. ఇదొక్కటే తొమ్మిది డీబీ తెస్తుందని మాత్రం నమ్మకండి, గండి అలాగే ఉంటుంది. కాంటాక్టర్ రీసెట్‌కు ఇది మందే కాదు.

రెండోది చేతి పని: ప్రతి బోర్డుకూ గండి మీద రేకు, మోడెమ్ దగ్గర పెద్ద కెపాసిటర్, క్లాక్ గీత మొదట్లో 33 లేదా 47 ఓమ్ రెసిస్టర్. అక్కడ ఇప్పటికే జీరో ఓమ్ ఉంటే మార్చడమే, లేకపోతే గీత కోయాలి. బక్ కన్వర్టర్ ఇన్‌పుట్ కెపాసిటర్ దాని చిప్పుకు (ఐసీకి) దూరంగా ఉందని మీరు పంపిన ఫొటోలో కనిపిస్తోంది, మీ గ్రాఫులో 180 మెగాహెర్ట్జ్ దగ్గరి ఆ గూనికి కారణం అదే కావచ్చు. ఐసీ కాళ్ల మీదే ఒక మైక్రోఫారడ్ సిరామిక్ కూర్చోబెట్టండి. బోర్డుకు పావుగంట వేసుకుంటే 800కు రెండు వందల గంటలు, ఇద్దరమ్మాయిలు సోల్డరింగ్‌కు కూర్చుంటే పన్నెండు, పదమూడు రోజులు. చూడ్డానికి బాగుండదు, కానీ పనిచేస్తుంది. ఇలా మార్చిన బోర్డునే ల్యాబుకు పంపాలి, ఈ మార్పులన్నీ డ్రాయింగులో రాయాలి.

మూడోది ఫెరైట్ బిగించడం. తీగకు ఫెరైట్ వేయగానే ముల్లు తగ్గితే, ప్రసారం తీగ నుంచేనని తేలినట్టు, కాబట్టి పరీక్షగా అది మంచిదే. మందుగా అయితే ప్రతి డబ్బాలోనూ వెళ్లాలి, అది కూడా డబ్బా లోపల, తీగ బయటికి వెళ్లే చోట, టై కట్టి. బయట వేలాడదీస్తే ఊళ్లో ఎలక్ట్రీషియన్ "ఈ ఉంగరమేంటి అడ్డంగా" అని తీసి గట్టు మీద పెడతాడు. పైగా ఇది బయటికి వెళ్లేదాన్ని కొంత ఆపుతుంది కానీ లోపల గండి గండిగానే ఉంటుంది.

నాలుగోది మళ్లీ గీయడం. పై లేయర్ సిగ్నల్, రెండోది ముక్కలు లేని గ్రౌండ్, మూడోదీ గ్రౌండే, అడుగున సిగ్నల్. పవర్‌ను ప్లేన్‌గా కాకుండా పై, అడుగు లేయర్లలో వెడల్పు పరుపులుగా పోయండి, గ్రౌండ్ వాటికి 0.2 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. గీత పైనుంచి అడుక్కి దిగే ప్రతిచోటా పక్కనే ఒక గ్రౌండ్ వయా వేయండి, నీడ కూడా దిగాలి కదా. కనెక్టర్లన్నీ ఒకే అంచుకు చేర్చండి. లేయర్లు నాలుగే, బోర్డు ఖరీదు ఏమీ పెరగదు. పెరిగేది మీ మూడు వారాలు, మళ్లీ ఒక ల్యాబు ఫీజు. "రెండు లేయర్లతో అయిపోదా" అని ఓనరు అడుగుతారు. అవుతుంది, అడుగు మొత్తం గ్రౌండ్‌కు వదిలి గీతలన్నీ పైన నడపగలిగితే. మోడెమ్, ఏడీసీ, మూడు రిలేలున్న ఈ బోర్డులో ఆ గ్రౌండ్ మళ్లీ చిల్లుల జల్లెడ అవుతుంది. మిగిలిన డబ్బు ల్యాబుకు పోతుంది.

నేనైతే స్టోరులోవాటికి ఫర్మ్‌వేర్, రేకు, కెపాసిటర్. తర్వాతి లాటుకు కొత్త లేఅవుట్. కానీ మీ కంపెనీ చేతిలో ఎంత డబ్బుందో, ఆర్డరు గడువెంతో నాకు తెలియదు, ఆ తూకం మీరే వేయాలి.

ఇక ఓనరు చెప్పిన ఒక్క పీసు సంగతి. ల్యాబు రిపోర్టు ఆ ఒక్క పీసుకే చెల్లుతుంది. మిగతావన్నీ అలాంటివేనని సంతకం పెట్టేది కంపెనీ, టెస్టు ఫారంలో ఇంజనీరు పేరు ఉన్న చోట ఉండేది మీ పేరు. ఆయన చెడ్డవాడని నేననను, 800 బోర్డుల్లో ఇరుక్కున్న డబ్బు ఆయన చేత అలా మాట్లాడిస్తోంది. ఆయనకు నీతి చెప్పకండి, ముప్పై డబ్బాల లెక్క చెప్పండి. ముప్పైలోనే రీసెట్లు వస్తుంటే 800 వెళ్లాక నెలకు ఎన్ని ఊళ్లకు మనిషిని పంపాలి, రానుపోను ఎంత, సీజన్లో మోటారు ఆగిపోతే రైతు డీలరును ఏమంటాడు? రేకు చుట్టిన పీసు ల్యాబులో పాసవుతుంది, పొలంలో కాంటాక్టర్ దగ్గర మాత్రం ఫెయిలవుతుంది. ఈ లెక్క విన్నాక కూడా అదే మాటంటే, ఏ మార్పులు లేకుండా పంపుతున్నారో ఒక ఈమెయిల్‌లో మర్యాదగా రాసి పెట్టుకోండి. ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్న అప్పుడు వేసుకోవచ్చు. ఇప్పుడే అయితే, పరిష్కారం చేతికొచ్చిన బోర్డును వేరేవాళ్లకు అప్పగించి వెళ్లినట్టవుతుంది.

ఒకటి అడగడం మరిచాను. మీ సీటీ తీగలు షీల్డు (చుట్టూ లోహపు అల్లిక) ఉన్నవా? ఫొటోలో ఒక అల్లిక కనెక్టర్ పక్కన అతికించినట్టు కనిపిస్తోంది. అది అనలాగ్ గ్రౌండు మధ్యలోకి పిగ్‌టెయిల్‌లా పొడుగు తీగతో వెళ్తుంటే, షీల్డు కాస్తా ఏంటెనాలో భాగమైపోతుంది. కనెక్టర్ పక్కనే, ఐదు మిల్లీమీటర్లు మించకుండా, గ్రౌండుకు దించండి. రేకు పరీక్ష చేసేటప్పుడు 120 దగ్గరి అంకె షీల్డు అలా మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి రాసి, బోర్డు అడుగువైపు ఫొటో కూడా కలిపి పంపండి.